మూత వేసిన చెయ్యి

గదిలో డిటెక్టివ్ తప్ప ఇంకో ప్రాణి లేదు. అయినా అరలో ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి తనంతట తాను మేలుకుంది.

ముందు ఫ్యాను సన్నగా తిరిగింది. తర్వాత నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరుసలు వరుసలుగా పరిగెత్తాయి. కాసేపు వెలిగి, ఎవరి కోసమో చూసినట్టు చూసి, మళ్ళీ ఆరిపోయింది. అది పడుకోగానే దాని పక్కది లేచింది. డిటెక్టివ్‌కి దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ నమ్మకం లేకపోవడం వేరు, ఒళ్ళు జలదరించకపోవడం వేరు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ నేరుగా మీద పడుతున్నా ఆమె చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

“భయపడకండక్కా,” అంది గుమ్మం బయట నిలబడ్డ ఇల్లాలు. “పొద్దస్తమానం ఇంతే. లేస్తాయి, పడుకుంటాయి. ఆయన పెట్టిన పరీక్ష అది. పెట్టిన మనిషి పోయాడని వాటికెవరు చెబుతారు?”

ఆ మనిషి పోయి ఇది మూడో రోజు.

ఆయన చేసే ఉద్యోగం ఏమిటో చెబితే పదిమందిలో తొమ్మిదిమంది నవ్వేవాళ్ళు. యంత్రాలను నిద్రపుచ్చడం ఆయన పని. ఆపరేటింగ్ సిస్టమ్ అడుగున కెర్నల్ అని ఒకటుంటుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలి బతుకు దానిది: ఇంట్లో అందర్నీ పడుకోబెట్టి ఆఖరున తను పడుకోవాలి, అందరికంటే ముందు తనే లేవాలి. ఆ పడుకోబెట్టడంలోనో లేపడంలోనో ఎక్కడో తేడా వస్తుంది. యంత్రం అటు నిద్రా పోక, ఇటు మేలుకోక, మధ్యలో బిగుసుకుపోతుంది. ఆ తేడా ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే ఆయన జీవితం. ఆఫీసులో అందరూ ఆయన్ని జోలపాట అని పిలిచేవారు. ఆయనకు మాత్రం రాత్రిపూట కునుకు పట్టేది కాదని ఇల్లాలు చెప్పింది.

జోలపాట పనిచేసే కంపెనీ రోగుల మంచాల పక్కన పెట్టే యంత్రాలు తయారుచేస్తుంది. వాటిలో ఒకటి పడుకుని లేవకపోతే పక్కనున్న మనిషి కూడా లేవడు. కొత్త విడతలో అలాంటి బగ్ ఒకటి మిగిలిపోయిందనీ, అది దొరికేదాకా విడుదలకు ఒప్పుకునేది లేదనీ ఆయన భీష్మించుకుని కూర్చున్నాడు. మొన్న సాయంత్రం ఇల్లాలు కళ్ళజోళ్ళ షాపులో పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి ఇదే గదిలో, ఇదే బల్ల పక్కన, తల వెనక దెబ్బతో పడి ఉన్నాడు. కొట్టింది ల్యాప్‌టాప్‌ను నిలబెట్టే ఇనప స్టాండుతో. కొట్టినవాళ్ళు దాన్ని శుభ్రంగా తుడిచి, ఉన్న చోటే తిన్నగా పెట్టి మరీ వెళ్ళారు.

పోలీసులు పట్టుకెళ్ళింది ఇల్లాలి తమ్ముణ్ణి. బావ దగ్గరే పని నేర్చుకుని, అదే కంపెనీలో, అదే విభాగంలో చేరిన కుర్రాడు. ఆ రోజు మధ్యాహ్నం అతను మేడ మెట్లెక్కి రావడం, బావతో గట్టిగా గొడవపడటం, ముఖం కందగడ్డలా చేసుకుని దిగిపోవడం కింద షాపులో బట్టలు కుట్టే ఆయన చూశాడు, విన్నాడు. ఆ తర్వాత ఇంకెవరూ పైకి రాలేదని కూడా అదే నోటితో చెప్పాడు. కేసు అరటిపండు ఒలిచినట్టు ఉందని పోలీసుల సంబరం. ఈ సాయంత్రం కుర్రాణ్ణి కోర్టుకు తీసుకెళ్తారు.

డిటెక్టివ్ అరల ముందు వంగి ల్యాప్‌టాప్‌లను ఒక్కొక్కటిగా చూసింది. అన్నీ తెరిచే ఉన్నాయి. ప్రతిదానికీ మూత కీలు దగ్గర పెన్సిలు రాత చెరిపే రబ్బరు ముక్క ఒకటి ఇరికించి ఉంది, పొరపాటున చెయ్యి తగిలినా మూత పడకుండా.

“ఇవెందుకమ్మా?”

“మూత పడితే పడుకుంటాయక్కా. ఎప్పుడు పడుకోవాలో ఆయనే కీబోర్డు మీద కొట్టి చెప్పాలట. మనం చేత్తో మూసేస్తే పరీక్షంతా పాడైపోతుందట. ఒకసారి దుమ్ము తుడుస్తూ ఒకదానికి మూత వేశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను కసురుకుంది ఆ ఒక్కసారే.” ఆమె పెదాలు నవ్వబోయి ఆగిపోయాయి. “మా తమ్ముడూ అంతే. ఈ గదిలో పని నేర్చుకున్నాక వాడికి ఆ జబ్బు పట్టుకుంది. ఇంట్లో చక్కెర డబ్బాకి కూడా మూత పెట్టడు. చీమలన్నీ వాడి చుట్టాలే.”

“మరి మొన్న? బల్ల మీద ఉన్నది?”

“దానికి మూత వేసుంది,” అంది ఇల్లాలు.

అరలో ఇంకో యంత్రం లేచి, పడుకుంది. అప్పుడు ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ముందు ఆయన్ని కుదిపిందట. లేవలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. లేవబోతూ ఆసరాకి బల్ల మీద చెయ్యి వేస్తే ఆ మూసిన ల్యాప్‌టాప్ తగిలింది. లోపల ఫ్యాను గుయ్‌మని తిరుగుతోంది.

“ఆయన ఒళ్ళు చల్లగా ఉందక్కా. అది మాత్రం వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులాగా. మూత తీశాను. తెర నల్లగా ఉంది. ఏ మీట నొక్కినా పలకలేదు. నిద్రా కాదు, మెలకువా కాదు. ఆయనే అందులోకి వెళ్ళి ఇరుక్కుపోయాడనిపించింది. పోలీసులొచ్చి మీట గట్టిగా నొక్కి ఆపేశారు. ఆపొద్దని వాళ్ళ కాళ్ళు పట్టుకోబోయాను. పిచ్చిదాన్ననుకుని ఉంటారు.”

డిటెక్టివ్ ఆమె వైపు చూడలేదు. చూస్తే తన కళ్ళు కూడా నిలవవని తెలుసు. బల్ల మీద వస్తువులు పరిశీలిస్తున్నట్టు తల వంచుకుంది. అప్పుడు కనిపించింది. పెన్నులు పెట్టుకునే పింగాణీ గిన్నెలో, పెన్నుల మధ్య, ఒక రబ్బరు ముక్క. ఒక అంచు నొక్కుకుపోయి ఉంది. అరల్లోని ముక్కలన్నిటికీ అలాంటి నొక్కే ఉంది.

“ఇది ఇక్కడ ఉండేదేనా?”

ఇల్లాలు మూడు రోజుల్లో మొదటిసారి గుమ్మం దాటింది. వంగి చూసి తల అడ్డంగా ఊపింది. ఆ గిన్నెలో ఆయన పెన్నులు తప్ప ఏవీ పెట్టనిచ్చేవాడు కాదు.

అంటే ఎవరో ఆ ముక్కను పీకి, మూత వేసి, పీకిన ముక్కను కింద పారెయ్యకుండా ఓపిగ్గా గిన్నెలో సర్దారు. పక్కన ఒక మనిషి నేల మీద పడి ఉండగా. స్టాండు తుడిచి తిన్నగా పెట్టింది కూడా ఆ చెయ్యే అయి ఉండాలి. కోపంతో కొట్టేవాళ్ళను డిటెక్టివ్ చాలామందిని చూసింది. కొట్టాక ఇల్లు సర్దేవాళ్ళను చూడటం ఇదే మొదలు.

ఆమె వెళ్ళబోతుంటే ఇల్లాలు చెయ్యి పట్టుకుంది. “ఒకే వారంలో మొగుణ్ణీ తమ్ముణ్ణీ ఇద్దర్నీ పంపించలేనక్కా. మీ మీదే ఆశ పెట్టుకున్నాను.”

ఆ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్‌కి డిపార్ట్‌మెంట్‌లో గడియారం అని పేరు. ఏ సాక్షి దొరికినా మొదటి ప్రశ్న ‘ఎన్నింటికి?’ అనే. ఎడమ చేతికి ఒక వాచీ, జేబులో ఇంకో వాచీ. పోయిన ఏడాది ఆయన మూసేసిన ఒక కేసును డిటెక్టివ్ తెరిపించి, ఆయన నిమిషాల పట్టికను నలుగురి ముందూ తలకిందులు చేసింది. అప్పటినుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

“రండి మేడమ్,” అన్నాడు గడియారం లేవకుండానే. “మీరు ఆవులిస్తే పేగులు లెక్కపెడతారని విని, మావాళ్ళు మీరొస్తే ఆవులించడం కూడా మానేశారు.”

నిజంగానే తలుపు దగ్గర కానిస్టేబుల్ ఒకడు వస్తున్న ఆవులింతను గుటక వేసి మింగాడు.

బల్లకు ఇవతల ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. నెరిసిన జుట్టు, నలగని చొక్కా, మెత్తటి గొంతు. మెడలో తాడుకి గుర్తింపు కార్డు, దాని పక్కనే బొటనవేలంత నల్లటి ముక్క వేలాడుతున్నాయి. జోలపాట పనిచేసిన కంపెనీకి ఆయన పెద్ద, అందరూ పెద్దసారు అంటారు. సీలు వేసి ఉంచిన ల్యాప్‌టాప్ కంపెనీ ఆస్తి కాబట్టి తిరిగి ఇప్పించమని కాగితం పట్టుకొచ్చాడు. డిటెక్టివ్‌ని చూసి లేచి నమస్కారం పెట్టాడు. జోలపాట లాంటి పనివాడు మళ్ళీ పుట్టడనీ, ఆ ఇంటి దీపం ఆరిపోయిందనీ చాలా మర్యాదగా బాధపడ్డాడు. బాధపడుతూనే గడియారం బల్ల మీద వదిలేసిన పెన్ను తీసి, టోపీ తొడిగి పక్కన పెట్టాడు.

ఆయన ఎప్పుడైనా ఆ మేడగదికి వెళ్ళాడా అని అడిగింది డిటెక్టివ్.

“ఒక్కసారి కూడా వెళ్ళలేదండి. ఆ మెట్లు చూశారుగా, నిచ్చెనలా ఉంటాయి. నా మోకాళ్ళకి అంత ధైర్యం లేదు. ఏం మాట్లాడినా ఫోన్లోనే.”

“విడుదలకి ఆయన ఒప్పుకోలేదట కదా?”

“మొదట్లో ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకున్నాడు. మొన్న ఆయన యంత్రం మీంచే ఆమోదం వచ్చింది. పాపం, అదే ఆఖరి పని.”

డిటెక్టివ్ ఆ మాటను లోపల దాచుకుని గడియారం వైపు తిరిగింది. బల్ల మీది ల్యాప్‌టాప్‌కి మూత ఎవరు వేశారో కనుక్కున్నారా అని అడిగింది. గడియారం పకపకా నవ్వాడు. హత్య గురించి అడగాల్సిన మనిషి మూతల గురించి అడుగుతోందన్నాడు. కుర్రాడు పన్నెండున్నరకి వచ్చాడు, ఒంటిగంట లోపు దిగాడు, డాక్టరు చెప్పిన వేళకి అది సరిపోతుందన్నాడు.

“డాక్టరు చెప్పింది మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఐదు దాకా,” అంది డిటెక్టివ్. “మీరు మొదటి గంట మాత్రం ఉంచుకుని మిగతాది పారేశారు.”

“మూడు నుంచి ఐదు దాకా కుర్రాడు పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకున్నాడు. నేనే వెళ్ళి కనుక్కున్నాను. కాబట్టి చేస్తే ముందే చేసి ఉండాలి. ఇంకెవరూ పైకెళ్ళలేదని కింద షాపాయన చెప్పాడు.”

“కింద షాపాయన రోజూ మూడింటికి షట్టరు దించి ఐదింటిదాకా పడుకుంటాడు. వచ్చేటప్పుడు అడిగాను. మీరు ఎన్నింటికి అని అందర్నీ అడుగుతారు గానీ, నిద్రపోయారా అని ఎవర్నీ అడగరు.”

గడియారం ముఖం మాడింది. ఎదుటివాళ్ళ ముందు మాట పడటం ఆయనకు సహించదు. ఆ కోపంలోనే సీలు కాగితం తీసి బల్ల మీద కొట్టాడు. అంత ముద్దుగా ఉంటే ఆ యంత్రాన్నే సాక్ష్యం అడుక్కోమన్నాడు. సీలు వేసే ముందు ఒకసారి ఆన్ చేస్తే, ముప్పై ఏళ్ళ తర్వాతి తేదీ చూపించిందట. “దానికి ఈ రోజేమిటో తెలీదు. అది మొన్న జరిగింది చెబుతుందా?”

“పాత మెషినండీ,” అన్నాడు పెద్దసారు మెత్తగా. “మావాళ్ళు నెట్‌కి తగిలిస్తే లోపలి గడియారం దానంతటదే సరైపోతుంది. ఇప్పించెయ్యండి.”

సరైపోతుంది అన్న మాట డిటెక్టివ్ చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో ఆమెకే తెలియలేదు. కోర్టు వ్యాను వచ్చేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వొద్దని, ఈలోగా కుర్రాడితో మాట్లాడతానని, కుర్రాడి తరఫు వకీలు రాసిచ్చిన కాగితం చూపించింది. గడియారం విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. పెద్దసారు కూడా తొందరేమీ లేదన్నాడు. అంతసేపు ఇక్కడ కూర్చునే బదులు ఆ ఇంటికెళ్ళి ఆ అమ్మాయిని ఓదార్చి వస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ, సగం తెరిచి ఉన్న బీరువా సొరుగును వేలితో నెట్టి మూసి వెళ్ళాడు.

ఊచల వెనక కుర్రాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మూడు రోజుల గడ్డం, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. డిటెక్టివ్ అడగకముందే గొడవ సంగతి చెప్పేశాడు. ఎలాగైనా బావను ఒప్పించమని పెద్దసారు తన మీద ఒత్తిడి పెట్టాడు. ఒప్పించకపోతే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయన్నాడు. భయపడి బావ దగ్గరికెళ్ళి బతిమాలాడు. బావ వినలేదు. అప్పుడు నోరు జారాడు.

“నీ పిచ్చికి అక్క బలైపోతోందని అరిచాను మేడమ్. బావ ఏమీ అనలేదు. ఆఖరిగా నేను ఆయనతో అన్న మాట అది.”

అతను చేతుల్లో ముఖం దాచుకున్నాడు. డిటెక్టివ్ ల్యాప్‌టాప్‌కి మూత వేసి ఉండటం, లోపల ఫ్యాను తిరుగుతూ ఉండటం, ముప్పై ఏళ్ళ తర్వాతి తేదీ అన్నీ చెప్పింది.

కుర్రాడు చటుక్కున తలెత్తాడు.

“తేదీ మారిందా? ఎవరైనా నెట్‌కి తగిలించారా దాన్ని?”

“ఇంకా లేదు.”

“తగిలించనివ్వకండి. దణ్ణం పెడతాను, ఎవర్నీ ముట్టుకోనివ్వకండి.” అతను ఊచలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. “అది పాడైపోయిన గడియారం కాదు మేడమ్. బావ పద్ధతి అది.”

అప్పుడు అతను చెప్పింది ఇది. నిద్రపోతూ బిగుసుకుపోయిన యంత్రం ఏమీ గుర్తుపెట్టుకోలేదు. డిస్కు అప్పటికే పడుకుని ఉంటుంది. మీట నొక్కి ఆపగానే మెమరీ తుడిచిపెట్టుకుపోతుంది. ఎక్కడ చిక్కుకుందో చెప్పడానికి ఒక్క అక్షరం మిగలదు. యంత్రం మొత్తంలో ఎప్పుడూ పడుకోనిది ఒక్కటే, చొక్కా గుండీ అంత బ్యాటరీతో నడిచే లోపలి గడియారం. అందుకని కెర్నల్ పనిచేసేవాళ్ళు దాన్ని వాడుకుంటారు. ఒక్కో పరికరాన్ని పడుకోబెట్టే ముందు, ఆ పరికరం పేరును అంకెలుగా మార్చి, దొంగ తేదీగా ఆ గడియారంలో రాసేస్తారు. బిగుసుకుపోతే, ఆఖరుగా రాసిన తేదీ అలాగే ఉండిపోతుంది. ఆ తేదీ ఏ పరికరానిదో చూసుకుంటే దొంగ దొరికినట్టే. మామూలుగా అందరూ రాసేది తగిలించిన చోటు పేరు. జోలపాట దాన్ని మార్చుకుని, తగిలించినది ఏ రకం వస్తువో రాసేలా చేసుకున్నాడు.

“కానీ మూడు రోజులైంది కదా, ఆ గడియారం నడుస్తూనే ఉంటుందిగా?”

“అదే మేడమ్ నేను చెప్పేది. రాసిన తేదీ నుంచి నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు చూపించే తేదీలోంచి రాసిన తేదీ తీసేస్తే, బిగుసుకుపోయి ఎంతసేపైందో తెలుస్తుంది.”

“రాసిన తేదీ ఏదో మనకి తెలీదుగా?”

“తెలీక్కర్లేదు. ఒక్కో పరికరానికి తేదీ లెక్కగట్టి తీసేసి చూద్దాం. తప్పు పరికరమైతే తేడా ఏళ్ళలో వస్తుంది. సరైనదైతే మూడు రోజుల లోపు వస్తుంది.”

వెనక దగ్గు వినిపించింది. గడియారం ఎప్పుడొచ్చాడో వచ్చి, చేతులు కట్టుకుని వింటున్నాడు. ఇలాంటి కట్టుకథలు చాలా చూశానన్నాడు. కానీ ఆయన కళ్ళు ఆ మాట అనడంలేదు. కాలం మీద లెక్క ఒకటి ఎదురుగా పడి ఉంటే వదిలి వెళ్ళడం ఆయన వల్ల అయ్యే పని కాదు, తల్లి పిలిచినా ఆగి చేసి వెళ్ళే రకం. డిటెక్టివ్‌కి ఆ బలహీనత తెలుసు.

“తప్పని తేలితే నేను ఈ కేసు వదిలేసి వెళ్ళిపోతాను,” అంది. “లెక్క మీరే సరిచూడండి.”

సీలు విప్పారు. నెట్ తగలకుండా, కెర్నల్ లేవకముందే కనిపించే తెర దగ్గరే ఆపారు. ముప్పై ఏళ్ళ తర్వాతి తేదీ, దాని పక్కన సెకన్లు నింపాదిగా నడుస్తున్నాయి. జోలపాట చేతిని విడిచి వచ్చాక ఆ యంత్రంలో బతికున్నది అదొక్కటే. కుర్రాడు దాన్ని చూసి కళ్ళు తుడుచుకుని, కాగితం, క్యాలిక్యులేటరు అడిగాడు. డిటెక్టివ్ తెర మీది పరికరాల పేర్లు చదివింది. కుర్రాడు గుణించాడు. గడియారం తన వాచీ చూసుకుని తీసివేతలు చేశాడు.

కీబోర్డు తేదీ తీసేస్తే పదకొండేళ్ళ తేడా వచ్చింది. కెమెరా, స్పీకరు, వైఫై, ఏదీ కుదరలేదు. ఆ యంత్రంలో ఉన్న పరికరాలన్నీ అయిపోయాయి. గడియారం పెన్ను కింద పెట్టి పెదవి విరిచాడు. కుర్రాడి ముఖం పాలిపోయింది.

“అందులో ఉన్నవి అయిపోయాయి,” అంది డిటెక్టివ్ నెమ్మదిగా. “బయటినుంచి తెచ్చి తగిలించి, మళ్ళీ పీక్కుని పోయినవో?”

కుర్రాడు ఆలోచించాడు. పెన్‌డ్రైవ్ లెక్కగట్టాడు. కుదరలేదు. ఫోను. కుదరలేదు. అతని వేళ్ళు ఆగిపోయాయి. తర్వాత ఎవరికీ చెప్పకుండా ఇంకోటి ఏదో గుణించి, అంకెలు రాసిన కాగితాన్ని ఊచల్లోంచి గడియారం ముందుకు తోశాడు.

గడియారం తీసివేసి చూశాడు. మళ్ళీ చేశాడు. జేబులో వాచీ కూడా తీసి రెండూ పోల్చుకుని మూడోసారి చేశాడు.

“మొన్న,” అన్నాడు. “సాయంత్రం నాలుగుంపావు.”

ఆ వేళకి కుర్రాడు పళ్ళ డాక్టరు కుర్చీలో ఉన్నాడని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు గడియారమే. కింద షాపాయన షట్టరు వెనక నిద్రలో ఉన్న వేళ అది.

“అయినా కొట్టింది ముందే కావచ్చు,” అన్నాడు, అలవాటు కొద్దీ.

“కావచ్చు. అయితే నాలుగుంపావుకి ఆ గదిలోకి ఎవరో వచ్చారు. ఏదో తగిలించారు, పని చూసుకున్నారు. అది పీకకముందే, ఆ గదిలో పనిచేసేవాళ్ళెవరూ వెయ్యని మూత వేశారు. కింద పడి ఉన్న మనిషిని చూసి కూడా నోరు మెదపకుండా వెళ్ళిపోయారు. వాళ్ళెవరో తెలుసుకోకుండా ఈ అబ్బాయిని వ్యాను ఎక్కిస్తారా?” డిటెక్టివ్ కుర్రాడి వైపు తిరిగింది. “ఆఖరున నువ్వు లెక్కగట్టింది ఏ వస్తువుది?”

“సంతకం తాళం,” అన్నాడు కుర్రాడు. “విడుదలకి ఆమోదం వెయ్యాలంటే అది తగిలించాలి. బొటనవేలంత ఉంటుంది, నల్లగా. కంపెనీ మొత్తానికి ఒక్కటే ఉంది మేడమ్.”

అది ఎవరి మెడలో ఉందో ఎవరూ అడగలేదు. ఇందాక ఇన్‌స్పెక్టర్ బల్ల దగ్గర, గుర్తింపు కార్డు పక్కన అది ఊగుతూ ఉండటం డిటెక్టివ్, గడియారం ఇద్దరూ చూశారు. జోలపాట ఒప్పుకోని విడుదలకి జోలపాట యంత్రం మీదే, ఆయన శవం పక్కనే కూర్చుని ఆమోదం వేసుకుని, శుభ్రంగా మూత వేసి వెళ్ళిన మనిషి ఇక్కడే కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు. పెన్నుకి టోపీ తొడిగాడు. సొరుగు మూశాడు.

ఆ అమ్మాయిని ఓదార్చి వస్తానన్నాడు.

ఆ మేడగదిలోకి ఎవర్నీ రానివ్వొద్దని డిటెక్టివ్ ఇల్లాలికి చెప్పనే లేదు. పేగులు లెక్కపెట్టే మనిషికి ఆ ఒక్క మాట తట్టలేదు. తనను తాను తిట్టుకుంటూ ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఇల్లాలు తీసింది.

“పెద్దసారొచ్చారక్కా,” అంది చిన్న గొంతుతో. “పైన గదిలో ఉన్నారు. నేను గుమ్మంలో ఉన్నాను. అరల్లో అన్నీ అలా తెరిచి ఉంటే, పోయినవాడి కళ్ళు మూయకుండా వదిలేసినట్టుందమ్మా అన్నారు. ఒక్కొక్కటే మూస్తున్నారు.”

ఫోనులో టక్‌మని చప్పుడు వినిపించింది. కాస్త ఆగి ఇంకోటి. ఏ తొందరా లేని చప్పుడు. గడియారం అప్పటికే జీపు తాళాలు అందుకుని బయటికి పరిగెత్తాడు. ఈసారి వాచీ చూసుకోలేదు.

“అమ్మా, నేను చెప్పేది విను. ఏమీ తెలియనట్టు కిందికి దిగిపో. షాపులోకి వెళ్ళు.”

ఇల్లాలు వినిపించుకుందో లేదో తెలియలేదు. ఆమె ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఊచల వెనకనుంచి కుర్రాడు అక్కా, అక్కా అని పిలుస్తున్నాడు. ఆ పిలుపు ఆ చివరికి చేరే దారి లేదు.

“అక్కా,” అంది ఇల్లాలు చివరికి. ఆమె గొంతు వేరే మనిషి గొంతులా ఉంది. “ఆ రబ్బరు ముక్కలు తీసి ఏం చేస్తున్నారో తెలుసా? పెన్నుల గిన్నెలో వేస్తున్నారు.”

టక్‌మనే చప్పుళ్ళు ఆగిపోయాయి. అరలో ఆఖరిది కూడా మూసినట్టున్నాడు. నేల మీద అడుగులు గుమ్మం వైపు వచ్చాయి. తర్వాత ఆ మెత్తటి గొంతు, ఫోనుకి చాలా దగ్గరగా వినిపించింది.

“అలా బయట నిలబడ్డావేమమ్మా? లోపలికి రా. తలుపు వేస్తాను.”